ఏసుపాదం చేసిన చెవి మిషను

బెజవాడ గవర్నర్‌పేటలో బట్టల దుకాణాల వెనక సందులో, ఒక మేడమెట్ల కింద ఏసుపాదం రేడియోలు బాగుచేసేవాడు. అతను లోపల కూర్చుంటే వచ్చినవాళ్ళు సందులోనే నిలబడాలి, అంతే జాగా. ఇరవై రెండేళ్ళుగా అదే స్టూలు, అదే బల్ల. బల్ల మీద వాల్వు రేడియోలు పోయి ట్రాన్సిస్టర్లు వచ్చాయి గాని, ఎదురుగా నిలబడి అడిగేవాళ్ళ కోరికలు మాత్రం ఇసుమంతైనా మారలేదు. సెట్టు అరచేతిలో పట్టాలి, సౌండు వీధి చివరికి వినపడాలి, సెల్లు ఒకసారి వేస్తే మళ్ళీ వాటి ఊసు ఎత్తకూడదు.

కొల్లేటి నుంచి చేపలు తెచ్చే పోలరాజు ఏడాదికి రెండుసార్లు సెట్టు పట్టుకొచ్చి ఇదే పేచీ పెట్టేవాడు.

"పడవలో పెడితే గట్టుమీద వాళ్ళకి వినపడాలండీ. సెల్లు మాత్రం నాలుగు కాదు, రెండే ఉండాలండీ. బరువు."

"సౌండు కావాలంటే సెల్లు తినేస్తది పోలరాజు గారూ. సెల్లు తగ్గిస్తే సౌండు తగ్గిద్ది. రెంట్లో ఒకటి చెప్పండి, చేస్తాను."

"రెండూ కావాలండీ. అందుకేగా మీ దగ్గరకొచ్చింది."

మొదట్లో ఏసుపాదం ఇలాంటివాళ్ళకు ఓపిగ్గా నచ్చజెప్పేవాడు. తర్వాత విసుక్కున్నాడు. నలభై ఏడో ఏట విసుగు కూడా అరిగిపోయి, మనిషి చెబుతుండగానే వెనక మూత విప్పడం మొదలుపెట్టేవాడు.

ఒక్క విషయంలో మాత్రం బెజవాడ అంతా ఒకే మాట మీద ఉండేది. రేడియో గుండ్రంగా పలకాలి. కాఫీ హోటలు వాళ్ళయినా, కొట్లో గుమాస్తాలయినా, కొత్త సెట్టు కొనుక్కుని తిన్నగా ఏసుపాదం దగ్గరకొచ్చి "కీచుగా ఉందండీ, కాస్త గుమ్మనేట్టు చెయ్యండి" అనేవాళ్ళు. ఒక చిన్న కండెన్సరు అడ్డంగా అతికితే చాలు, సన్నటి శబ్దాలు చచ్చిపోయి లావు గొంతు మిగిలేది. అడిగినవాళ్ళు మురిసిపోయేవాళ్ళు. రానురాను అడగక్కర్లేకుండా పోయింది. అతని బల్లెక్కిన ఏ సెట్టయినా ఆ కండెన్సరుతోనే దిగేది. దాన్ని వేస్తున్నానని అతనికి తెలిసేది కూడా కాదు, ఆ పని చెయ్యి చూసుకునేది.

అతని భార్య అమలమ్మ గుణదలలో, రైలు పట్టాలకు అవతల ఉన్న ఎయిడెడ్ ఎలిమెంటరీ స్కూల్లో రెండో తరగతి టీచరు. పంతొమ్మిది వందల డెబ్బై నాలుగు చివర్లో ఆమెకు టీబీ అన్నారు. తొంభై స్ట్రెప్టోమైసిన్ సూదులు పొడిచారు. దగ్గు పోయింది, ఒంటికి కండ పట్టింది, చెవులు పోయాయి. పూర్తిగా కాదు. పక్కన నిలబడి అరిస్తే ఏదో శబ్దం అయిందని తెలిసేది, మాటేమిటో తెలిసేది కాదు. సూదుల వల్ల ఒక్కోసారి అలా అవుతుందని, మనిషి దక్కింది గదా అని డాక్టరు అన్నాడు. ఏసుపాదానికి ఒళ్ళు మండింది. తర్వాత సిగ్గేసింది. రెండూ కావాలని పట్టుబట్టే పోలరాజుకీ తనకీ తేడా ఏముందనిపించింది.

తల ఊపుతూ, పెదాలు చూస్తూ, అమలమ్మ ఏడాదిపాటు స్కూల్లో ఎలాగో నెట్టుకొచ్చింది. డెబ్బై ఆరు ఏప్రిల్లో, వేసవి సెలవులిచ్చే రోజున హెడ్‌మిస్ట్రెస్ హన్నా ఆమెను గదిలోకి పిలిచింది. పక్క గదిలో వాళ్ళకు వినపడేట్టు అరవడం ఇష్టం లేక, ఆ మాటలు పలక మీద రాసి చూపించింది. 'నేను దాచినంత కాలం దాచాను. ఆగస్టులో ఇన్‌స్పెక్టరు గారు వస్తారు. పిల్లలు తప్పు చదువుతుంటే నువ్వు బాగుంది అంటున్నావు. ఆయన కంట పడితే నా చేతుల్లో ఏమీ లేదు.' అమలమ్మ చదివేదాకా ఆగి, హన్నా తన చేత్తోనే తుడిచేసింది.

ఇల్లు నడిచేది ఆ జీతం మీదే. మెట్ల కింద కొట్టు అద్దెకీ కాఫీకీ సరిపోతే గొప్ప. కానీ అమలమ్మ ఇంటికొచ్చి చెప్పింది జీతం సంగతి కాదు.

"నన్ను ఇంట్లో కూచోబెట్టకండి. ఈ గోడలు నాతో మాట్లాడతాయా? ఆ నలభై మందీ నోళ్ళు తెరుస్తూ మూస్తూ ఎదురుగా ఉంటే ఇంకా బతికున్నట్టే ఉంటది."

మద్రాసు నుంచి వచ్చే చెవి మిషను ఒకటి చెవి డాక్టరు దగ్గర చూశారు. సిగరెట్టు పెట్టెంత ఉంది, చొక్కా జేబుకు తగిలించుకోను క్లిప్పు ఉంది. అమలమ్మ చెవికి పెడితే ఏదో దోమ పాడినట్టుందంది. ఇంకా పెద్దవి ఉన్నాయట, వాటి ధర విని ఇద్దరూ లేచి వచ్చేశారు. దారిలో ఏసుపాదం, "నేను చేస్తా" అన్నాడు. ఆమెకు వినపడలేదు గనక బస్‌స్టాపులో టిక్కెట్టు వెనక రాసి చూపించాడు.

ఆ మే నెలంతా అతను మిషను పనిలో పడ్డాడు. పని చేసేకొద్దీ అర్థమైంది, ఇన్నేళ్ళూ జనం తనను పెట్టిన బాధంతా ఇప్పుడు తనే తనకు పెట్టుకుంటున్నాడని. పెట్టె చిన్నది కావాలంటే సన్నటి పెన్‌టార్చి సెల్లు వెయ్యాలి, అవి ఆ సౌండుకు నిలబడవు. సౌండు పెంచితే చెవిలోంచి బయటికి కారిన శబ్దం మళ్ళీ మైకులో దూరి కుయ్యిమని కూస్తుంది. కూత ఆపాలంటే చెవిలో బిరడా బిగువుగా ఉండాలి, బిగువుగా ఉంటే చెవి పుండవుతుంది. గవర్నర్‌పేటలోనే ఉన్న పళ్ళ డాక్టరును బతిమాలితే, కట్టుడు పళ్ళకు వాడే గులాబీ రంగు పదార్థంతో ఆమె చెవి అచ్చు తీసి బిరడా చేసిచ్చాడు. చెవికి పళ్ళు కట్టడం ఇదే మొదలని నవ్వాడు.

అన్నిటికన్నా పెద్ద చిక్కు, ఆడవాళ్ళకు చొక్కా జేబు లేకపోవడం. మద్రాసులో ఆ పెట్టె చేసినవాడికి ఆ ధ్యాసే లేదు. ఏసుపాదానికీ పెట్టె సగం తయారయ్యాక గాని తట్టలేదు. బయట తగిలిస్తే నలుగురూ చూస్తారు, అమలకు చిన్నతనంగా ఉంటుందనుకున్నాడు. అనుకోవడమే గాని ఆమెను అడగలేదు. జాకెట్టు లోపలి వైపు ఆమె చేతనే ఒక సంచి కుట్టించి, పైట కింద కనపడకుండా పెట్టించాడు. దాని కోసం పెట్టెను అరిగించి అరిగించి పల్చన చేశాడు.

మే నెలాఖరులో ఒక మధ్యాహ్నం వంటింట్లో పీట మీద కూర్చోబెట్టి ఆమె చెవిలో బిరడా పెట్టి, మీట తిప్పి, "అమలా" అన్నాడు.

ఆమె చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది.

"మీ గొంతేనండీ. అచ్చం మీ గొంతే. ఇంకోసారి అనండి."

ఇంకోసారి అన్నాడు. పదిసార్లు అన్నాడు. ఇంకా ఏమైనా మాట్లాడమంటే ఏం మాట్లాడాలో తోచక, సబ్బు కాగితం మీద ఉన్న అక్షరాలన్నీ చదివాడు, కాలెండరు చదివాడు. ఆమె కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతూ, కందిపప్పు పొట్లం కాగితం తెచ్చి ఇది కూడా చదవమంది. ఆ పది పన్నెండు రోజులూ వాళ్ళిద్దరూ కొత్తగా కాపురానికొచ్చినవాళ్ళలా ఊరికే మాట్లాడుకున్నారు. ఏసుపాదం కొట్టుకు ఆలస్యంగా వెళ్ళేవాడు. అంత సంతోషం తన చేతిపని వల్ల వచ్చిందంటే అతనికే నమ్మకం కలిగేది కాదు.

జూన్‌లో స్కూలు తెరిచారు. మొదటిరోజు సాయంత్రం అమలమ్మ తలకు గుడ్డ కట్టుకుని వచ్చి పడుకుంది. రెండోరోజూ అంతే. నాలుగోరోజు మిషను తీసి బల్లమీద పెట్టేసింది.

"ఏం వినపడుతోంది?" అని కాగితం మీద రాశాడు.

"అన్నీ వినపడుతున్నాయి, ఒక్క అక్షరం తెలియడం లేదు. పెద్ద బిందెలో తల పెట్టినట్టుంది. చెమటకి చర్మం కాలుతోంది, పైట కదిలితే గోడ కూలినట్టు చప్పుడు. ఇంట్లో బాగానే ఉందిగా, మరి అక్కడేమైందో."

లోపం ఆమె చెవిదేమో, ఇక లాభం లేదేమో అని ఏసుపాదం చేతులెత్తేసే స్థితికి వచ్చాడు. హన్నా మాత్రం ఊరుకోలేదు. ఒక శనివారం పొద్దున కొట్టుకే వచ్చి సందులో నిలబడింది.

"మీరు ఇంట్లో కూర్చుని చేశారు అయ్యా. ఒక్కసారి మా క్లాసులో కూర్చుని చూడండి. నలభై మంది అరుస్తుంటే అది ఏం చేస్తుందో మీకు తెలియాలిగా."

ఆ మాట అతనికి చెంప మీద కొట్టినట్టు తగిలింది. ఎవరి రేడియో అయినా వాళ్ళింట్లో పెట్టి వినాలని ఏనాడూ అనుకోలేదు, ఎందుకంటే రేడియో ఎక్కడైనా రేడియోనే. ఇది అలా కాదని ఇన్నాళ్ళూ తోచలేదు.

సోమవారం రెండో తరగతి రేకుల షెడ్డులో, వెనక బెంచీ మీద మోకాళ్ళు గడ్డానికి తగిలేట్టు కూర్చుని, బిరడా తన చెవికి అదిమి పట్టుకున్నాడు. పిల్లలు గుణింతం అప్పజెబుతున్నారు. చెవిలో గుమ్మని మోగింది. నిండుగా, గుండ్రంగా, కాఫీ హోటల్లో సాయంత్రం పూట రేడియో మోగినట్టు మోగింది. ముద్దలాంటి ఆ మోతలో ఏ పిల్లవాడు ఏ అక్షరం పలికాడో తెలియడం లేదు. బిరడా తీసేస్తే వట్టి చెవికి ప్రతి అక్షరం విడివిడిగా వినపడుతోంది. మళ్ళీ పెట్టుకున్నాడు. మళ్ళీ గుమ్మంది.

అప్పుడు గుర్తుపట్టాడు. అది మిషను లోపం కాదు, అమల చెవి లోపమూ కాదు, తన చేతివాటం. ఎవరూ అడగకుండానే చెయ్యి కండెన్సరు వేసేసింది. సూదుల మందు ఆమె చెవిలో చంపేసింది, అక్షరాలను విడదీసి చూపే ఆ సన్నటి శబ్దాలనే. మిగిలిన కాసిని శబ్దాల్నీ పిల్లల గొంతుల్లోంచి తనే తీసేసి, షెడ్డు మోతను మాత్రం లావు చేసి ఆమె చెవిలో పోశాడు. ఇంట్లో పనిచేసిందంటే పనిచెయ్యదా మరి, అక్కడ మాట్లాడింది తనొక్కడే, తన గొంతు బొంగురు గొంతు. తన గొంతుకు సరిపోయే మిషను చేసి, దాన్ని ఆమె ఉద్యోగం కోసం చేశానని అనుకున్నాడు. అతనికి ఆ చిన్న బెంచీ మీంచి లేవబుద్ధి కాలేదు.

ఆరోజే కొట్టు మూసుకుని కూర్చుని కండెన్సరు పీకేశాడు. లావు శబ్దాలు లోపలికి రాకుండా ఇంకోచోట మార్పు చేశాడు. తన చెవికి పెట్టుకుంటే రేకు మీద మేకుతో గీసినట్టుంది. బెజవాడలో ఏ మనిషీ అలాంటి సెట్టును ఇంట్లో ఉంచుకోడు. ఇక పెట్టె పైట కింద ఉంటే బట్ట రాపిడి ఈ సన్నటి సౌండులో ప్రాణం తీస్తుంది గనక, సంకోచిస్తూనే అమలమ్మను అడిగాడు, ఇది బయట వేలాడదీసుకోవాలి, నలుగురూ చూస్తారు, పర్వాలేదా అని రాసి.

ఆమె చదివి విస్తుపోయినట్టు చూసింది.

"కనపడకూడదని నేనెప్పుడన్నానండీ? లోపల పెట్టింది మీరేగా. చెమటకి చచ్చాను."

తెల్ల నాడాతో మెడలో వేసుకుని, పైట మీద గుండెల దగ్గర పెట్టుకుని వెళ్ళింది. మొదటిరోజు పాఠం జరగలేదు. పిల్లలు చుట్టూ మూగారు.

"టీచర్ గారండీ, ఇందులో పాటలు వస్తాయాండీ?"

"రావు. మీ తప్పులు వస్తాయి. వెళ్ళి కూర్చోండి" అందట అమలమ్మ. హన్నా ఈ మాట ఏసుపాదానికి తర్వాత చెప్పి నవ్వింది.

అయినా అదేం పూలబాట కాదు. సన్నటి శబ్దాలు పట్టాలంటే సౌండు పెంచాలి, పెంచితే కూత. కూత ఆపను బిరడా బిగిస్తే మధ్యాహ్నానికి చెవి ఎర్రబడి కొబ్బరినూనె రాసినా మండేది. పెన్‌టార్చి సెల్లు అయిదు గంటల సేపు ఈడ్చి, స్కూలు వదిలేసరికి నీరసపడేవి. అయినా ఆమె అక్షరాలు పట్టుకోవడం మొదలుపెట్టింది. సగం మిషను, సగం పెదాలు. జూలై చివరికి తప్పు చదివినవాణ్ణి పేరు పెట్టి లేపి నిలబెడుతోందని హన్నా కబురు చేసింది.

ఆగస్టు రెండో వారంలో ఇన్‌స్పెక్టరు వచ్చాడు. వస్తూనే ఆమె మెడలో పెట్టె చూసి అదేమిటని అడిగాడు. "చెవి మిషనండీ. మా ఆయన చేశారు" అంది. ఆయన వెనక బెంచీల దగ్గరకు వెళ్ళి, ఆమెకు తన ముఖం కనపడకుండా కిటికీ వైపు తిరిగి, ఒక పిల్లను పాఠం చదవమన్నాడు. ఆ పిల్ల భయంతో ఒక వరస వదిలేసింది. అమలమ్మ బల్ల మీద బెత్తంతో తట్టి, "మధ్యలో ఒక వరస మింగావు, మొదట్నుంచీ చదువు" అంది. మిషను ఒక్కసారి కుయ్యిమంది, పిల్లలు కిసుక్కున నవ్వారు, ఇన్‌స్పెక్టరు కూడా మీసం చాటున నవ్వి ఏదో రాసుకుని పక్క క్లాసుకు వెళ్ళాడు. రిపోర్టులో ఆమె గురించి చెడుగా ఏమీ రాలేదు. హన్నా ఆ సంగతి పలక మీద రాయలేదు, ఆమె ముందు నిలబడి నోటితోనే చెప్పింది.

అలా ఉద్యోగం నిలబడింది. ఏసుపాదం ఆ వారమంతా కొట్లో ఎవరు ఏమన్నా విసుక్కోలేదు. కానీ సాయంత్రాలు ఇంటికొస్తే ఇల్లు మళ్ళీ ఏడాది కిందటిలాగే ఉంది. అమలమ్మ గుమ్మంలో చెప్పులు విడవకముందే బిరడా లాగేసి, పెట్టె మేకుకు తగిలించేది. అతను మాట్లాడితే పెదాలు చూసి తల ఊపేది. చెవి నొప్పిగా ఉంటుందిలే, సెల్లు అయిపోయి ఉంటాయిలే అని మొదట సరిపెట్టుకున్నాడు. సెలవుల్లో ఆ పన్నెండు రోజులూ గుర్తొచ్చినప్పుడు మాత్రం మనసు ఊరుకునేది కాదు.

ఆదివారం గుడిలో ఆరాధన అయి వచ్చాక ఆమె సెల్లు తీసి పిట్టగోడ మీద ఎండలో వరసగా పెట్టింది. ఎండ తగిలితే సెల్లు కాస్త బతుకుతాయని ఊరందరి నమ్మకం. రోజంతా అలా ఆరబెడితే సోమవారం ఇంకో గంట ఎక్కువ వస్తాయని ఆమె లెక్క. ఏసుపాదం కొత్త సెల్లు రెండు చేత్తో పట్టుకుని పక్కన కూర్చున్నాడు. కాగితం మీద రాశాడు. 'ఇవి వేసి కాసేపు పెట్టుకో. మాట్లాడుకుందాం.'

ఆమె చదివి అతని వైపు చూసింది.

"మీరేమీ అనుకోకండి. ఇప్పుడు అందులో మీ గొంతు మీ గొంతులా రావడం లేదు. పిల్లల మాటలు వస్తున్నాయి, మీవి రావడం లేదు. ఎవరో పరాయి మనిషి, ఎండిపోయిన మనిషి మాట్లాడుతున్నట్టుంటది. రెండుసార్లు విన్నాను. ఇక వినలేకపోయాను."

అతను గబగబా పెన్సిలు తీసి, చిన్న స్విచ్చి ఒకటి పెడతాను, ఇటు తిప్పితే స్కూలు, అటు తిప్పితే ఇల్లు అని రాశాడు. చెయ్యగలడు కూడా. పెట్టె కాస్త లావవుతుంది, సెల్లు ఇంకాస్త తింటుంది, అంతే.

అమలమ్మ ఆ కాగితాన్ని చదివి, నాలుగు మడతలు పెట్టి అతని జేబులో పెట్టింది.

"వద్దండీ. బిరడా రోజుకి అయిదు గంటలు ఓర్చుకోగలను, ఆరో గంట నా వల్ల కాదు. తలలో రోజంతా రేకులు మోగుతుంటాయి. ఆ అయిదు గంటలూ పిల్లలకిచ్చేశాను. ఇంటికొస్తే నాకు ఏ చప్పుడూ వద్దు." పిట్టగోడ మీది సెల్లు ఎండలోకి జరుపుతూ, "సెలవుల్లో మీ గొంతు కడుపునిండా విన్నాను. అది ఇంకా నా చెవిలోనే ఉంది. మళ్ళీ మళ్ళీ మిషన్లో వింటే అది చెడిపోద్దేమోనని భయం" అంది.

ఏసుపాదానికి ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. ఎవరి మీద పడాలో తెలియని కోపం. తన గొంతును ఆమె చెవిలోంచి తీసేసింది తన చెయ్యే. తీయకపోతే ఆమె బతుకు ఆ గోడల మధ్య ముగిసేది. కొత్త సెల్లు రెండూ రేపటికి ఉంచమని ఆమె చేతిలో పెట్టి, సరేనన్నాడు. ఆ మాట ఆమెకు వినపడలేదు, పెదాల కదలిక చూసి తల ఊపింది.